చెయ్యి కదిలితే రమ్మని

ఏ వస్తువైనా పదిచోట్ల అడిగి పదకొండోచోట కొనడం నాకు అలవాటు. పెళ్ళైన కొత్తలో ఒక్క గొడుగు కోసం మూడు ఆదివారాలు మా ఆయన్ని బజారంతా కాళ్ళరిగేలా తిప్పాను. నాలుగో ఆదివారం ఆయన తడిసి ముద్దై ఒక్కడే ఇంటికొచ్చేశాడు. అలాంటి నాకు ఆ వానాకాలం మా ఇంటికి కొత్త ఇంటర్నెట్ లైను పెట్టించే పని అప్పజెప్పారు. అప్పజెప్పారనడం కూడా అబద్ధమే. "మీకేం తెలుస్తాయండీ ఇలాంటివి, నేను చూసుకుంటాగా" అని నేనే నెత్తిన వేసుకున్నాను.

లైను కావలసింది అసలు అమ్మకి. నేను ఇంట్లో కూచుని ఒక ఇన్సూరెన్స్ ఆఫీసుకి ఆస్పత్రి కాగితాలు సరిచూసి పంపుతుంటాను. కాగితం పది నిమిషాలు ఆలస్యంగా చేరితే కొంపలేం మునగవు. మా ఆయన బడిలో లెక్కల మాస్టారు. సాయంత్రాలు వెనక గదిలో కంప్యూటర్ ముందు కూచుని ట్యూషన్లు చెబుతాడు. బొమ్మ ఆగిపోయినా గొంతు వినబడితే ఆయన పిల్లలకి చాలు. అమ్మకి అలా కాదు. పుట్టినప్పటినుంచీ అమ్మకి వినపడదు, మాట రాదు. అమ్మ అక్కకి, అంటే మా పెద్దమ్మకి కూడా అంతే. వాళ్ళిద్దరి మధ్యా బొమ్మ ఆగితే మాట ఆగినట్టే.

అక్కాచెల్లెళ్ళిద్దరూ బడి మొహం చూడలేదు. అక్షరమ్ముక్క రాదు. వినపడని పిల్లలకి విడిగా బళ్ళుంటాయనీ, అక్కడ చేతులతో మాట్లాడడం నేర్పుతారనీ వాళ్ళ ఇంట్లో ఎవరికీ తెలియదు. అందుకని చిన్నప్పుడు గుమ్మంలో ఎదురెదురుగా కూచుని ఇద్దరూ తమ భాష తామే కట్టుకున్నారు. అందులో నా పేరు ముక్కు గిల్లడం. పుట్టినప్పుడు నాది చప్పిడి ముక్కట. మా ఆయన పేరు కళ్ళజోడు. పెద్దమ్మకి ఒక్కడే కొడుకు, లారీ నడుపుతాడు. ఆ అన్నయ్య పేరు స్టీరింగ్ తిప్పడం. లోకంలో ఆ భాష పూర్తిగా వచ్చినవాళ్ళు ఇద్దరే ఇద్దరు. నాకు వచ్చింది ఇల్లు నడవడానికి సరిపోయేంత. అన్నం, నీళ్ళు, మందులు, ఎవరొచ్చారు, ఎప్పుడొస్తారు, కోపమొచ్చిందా, నవ్వొచ్చిందా. వాళ్ళిద్దరూ జోరు మీద ఉన్నప్పుడు సగానికి సగం నాకు అందేది కాదు. "అంటే ఏంటమ్మా?" అని మోచేత్తో పొడిస్తే, అమ్మ చెయ్యి విదిలించి "నీకెందుకు" అనేది. పెద్దమ్మ అవతల పడీ పడీ నవ్వేది.

రోజూ సాయంత్రం నాలుగింటికి వాళ్ళ ఫోను. పెద్దమ్మ ఉండే ఊరు బస్సులో ఏడు గంటల దూరం. మూడున్నరకే అమ్మ మొహం కడుక్కుని, జడ వేసుకుని, కిటికీ వెలుతురు చేతుల మీద పడేలా కుర్చీ జరుపుకునేది. ఫోను ఆనించడానికి పంచదార డబ్బా. ఇక గంటసేపు ఆ చేతులకి అలుపుండేది కాదు.

"మీ అమ్మ ఇంత వాగుడుకాయని పెళ్ళిచూపులప్పుడు ఒక్కరూ చెప్పలేదే" అనేవాడు మా ఆయన తలుపు దగ్గర నిలబడి.

"మీరు అడగలేదుగా."

"నీ గురించి కూడా అడగలేదు. అదీ నా తప్పే."

ఆ ఏడు వానలు మొదలవుతూనే రెండు కష్టాలు కలిసి వచ్చాయి. పెద్దమ్మకి కడుపులో నొప్పి పట్టుకుంది. తిన్నది ఇమడడం లేదు, మనిషి వారం వారానికీ చిక్కిపోతోంది. సరిగ్గా అప్పుడే మా లైను మొరాయించింది. నాలుగింటికే మా ఆయన ట్యూషను, నాలుగింటికే నేను ఆఫీసుకి కాగితాలు పంపాలి, నాలుగింటికే అమ్మ ఫోను. మూడూ ఒకే సన్నటి గొట్టంలో దూరాలి. పెద్దమ్మ మొహం గళ్ళు గళ్ళుగా చెదిరిపోయేది. ఉన్నట్టుండి కొయ్యబారినట్టు ఆగేది. తెర మధ్యలో తెల్లటి గుండ్రం ఒకటి తిరుగుతూ ఉండేది. మొబైల్ సిగ్నలా, మా ఇంట్లో వంటింటి కిటికీ దగ్గర తప్ప దొరకదు, అదీ మాట వినబడేంతే.

"వీడియో తీసి పంపమ్మా. నెమ్మదిగానైనా చేరుతుంది" అని ఒకరోజు సలహా ఇచ్చాను.

అమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "నేను నవ్వితే అది నవ్వుతుందా, ఆ వీడియోలో?" అంది చేతులతో.

సరే, కొత్త లైనే గతి అనుకుని రంగంలోకి దిగాను.

పాత కేలండర్ కాగితం తిరగేసి, వెనక స్కేలు పెట్టి గీతలు కొట్టాను. అప్పటికి మా వీధిలో మా పాతది కాక మూడు కంపెనీల తీగలున్నాయి. ఆ పేర్లు ఎవరి నోరూ తిరిగేవి కావు. ఎవరింట్లో ఉంటే వాళ్ళ పేరే. ఎదురింటి కంపెనీ, దర్జీ కంపెనీ, మేడమీద కంపెనీ. ముగ్గురినీ విచారించాను. ఎదురింటావిడ "మాది బ్రహ్మాండం, ఇంతవరకు ఒక్క సినిమా ఆగలేదు" అంది. నేను మెట్లు దిగుతుంటే ఆవిడ కూతురు పైనుంచి "వాన పడితే మాత్రం అడక్కండి ఆంటీ" అని అరిచింది. మేడమీద నర్సమ్మ ఆస్పత్రి డ్యూటీలతో ఇంట్లో ఉండేదే తక్కువ, ఎలా ఉందో ఆవిడకే తెలియదు. మూలింటి దర్జీ మిషను తొక్కడం ఆపకుండానే "స్పీడు సంగతి నాకు తెలీదమ్మా, ఫోన్ చేస్తే ఎత్తుతారు. ఈ రోజుల్లో అది చాలదూ?" అన్నాడు.

ఎదురింటి కంపెనీ నుంచి మెడలో కార్డు వేసుకున్న అబ్బాయి వచ్చి, చెప్పులు విప్పకుండానే చదివేశాడు. "వంద స్పీడు వరకు వస్తుంది మేడమ్."

"వరకు అంటే?"

"అంటే మేడమ్, వంద దాటదు."

"పైకి దాటదు, బాగుంది. కిందికి ఎంతదాకా పోతుంది?"

అతను తల గోక్కుని నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ పూట మా ఆయనకి ఈ ముచ్చట చెబుతూ గర్వంతో మెరిసిపోయాను. ఆ "వరకు" దగ్గర పట్టుకున్నానంటే మాటలా! కేలండర్ కాగితం మీద ఎదురింటి గడిలో పెద్ద ఇంటూ కొట్టాను.

మా వీధి స్తంభాలన్నీ ఎక్కి దిగే లైన్‌మన్ ఒకడుండేవాడు. మూడు కంపెనీల తీగలూ అతనే బాగు చేసేవాడు. ఎప్పుడు చూసినా భుజాన నిచ్చెనే, అందుకని అందరూ నిచ్చెన అనే పిలిచేవాళ్ళు. దారిలో ఆపి నా కాగితం చూపించాను. అతను దాన్ని ఆ కొస నుంచి ఈ కొస దాకా చదివాడు.

"అక్కా, మీరు వచ్చేది ఒక్కటే రాశారు. పోయేది ఏది?"

"పోయేదేంటి?"

"మీ ఇంట్లోకి వచ్చే స్పీడు వేరు, మీ ఇంట్లోంచి పోయే స్పీడు వేరు. వంద వచ్చే లైనులో పోయేది పదే ఉండొచ్చు. మీరు అవతలివాళ్ళని చూడాలంటే వచ్చేది బాగుండాలి. అమ్మగారి చేతులు అవతలివాళ్ళకి కనపడాలంటే పోయేది బాగుండాలి. ఇద్దరూ చూసుకోవాలిగా?"

అంత ముఖ్యమైన సంగతి నేను వదిలేశానే అని నాలిక కరుచుకుని, ఇంటికొచ్చి కాగితం చింపేసి మళ్ళీ మొదలుపెట్టాను. ఆ లెక్కన దర్జీ కంపెనీ వాడు నచ్చాడు. వచ్చే నెలలో మా వీధికి కొత్త తీగ లాగుతున్నాడట, వచ్చేదీ పోయేదీ సమానమట. ఇన్నాళ్ళు ఆగినదాన్ని ఇంకో నాలుగు వారాలు ఆగలేనా అనుకున్నాను. ఆగాల్సింది నేను కాదన్న సంగతి నాకు తట్టలేదు.

అమ్మ రోజూ మణికట్టు మీద రెండుసార్లు తట్టేది. ఎప్పుడు, అని. నేను బొటనవేలు భుజం ముందుకి ఊపేదాన్ని. రేపు. పదిసార్లు రేపన్నాక అమ్మ తట్టడం మానేసింది.

"ఏదో ఒకటి పెట్టించవే బాబూ. బాగులేకపోతే మారుద్దాం" అన్నాడు మా ఆయన.

"మార్చడానికి అదేమన్నా చొక్కానా? గోడకి మళ్ళీ ఇంకో చిల్లి పడుతుంది."

"చిల్లిదేముంది, నేను సున్నంతో పూడుస్తా. అత్తయ్య మొహం చూస్తున్నావా అసలు?"

"మీకు అంత జాలిగా ఉంటే నాలుగింటి ట్యూషను ఆరింటికి మార్చుకోండి" అన్నాను దురుసుగా. ఆరింటికి ఆ పిల్లలకి కుదరదని నాకు తెలుసు. తెలిసే అన్నాను.

ఇక్కడ ఆ భాషలోని ఒక మాట చెప్పాలి. "రా" అనాలంటే ముందు అరచెయ్యి ఎత్తి ఎదుటి మనిషికి చూపించాలి, ఆ తర్వాత వేళ్ళు ముడుచుకుంటూ గుండె దగ్గరికి లాక్కోవాలి. అరచెయ్యి ఎత్తి అలాగే ఉంచేస్తే "వద్దు". చెయ్యి కదిలితే రమ్మని, కదలకపోతే వద్దని. ఎదురెదురుగా కూచున్న ఇద్దరు ఆడపిల్లలు కట్టుకున్న మాటలవి. మనిషి బాగానే ఉండి, చెయ్యి మాత్రం గాల్లో ఆగిపోయే రోజొకటి వస్తుందని వాళ్ళకేం తెలుసు?

ఆ సోమవారం పొద్దుటినుంచీ ఒకటే వాన. అమ్మ సంచీ సర్దుకుని అప్పటికి మూడు రోజులైంది. నాలుగు చీరలు, దువ్వెన, మందుల డబ్బా, పెద్దమ్మకిష్టమని ఒక గళ్ళ దుప్పటి. అక్క దగ్గరికి పోయి నెల రోజులుంటానంది. అమ్మ ఒంటరిగా బస్సెక్కి ఎరగదు, నేనే దిగబెట్టాలి. నాకేమో నెలాఖరు, ఆఫీసులో తల ప్రాణం తోకకొస్తోంది. "నెలాఖరు దాటనీ" అన్నాను. "దాన్ని అడుగుతా. అది రమ్మంటే రేపే పోదాం" అంది అమ్మ. ఏం చెయ్యను, తలూపాను.

నాలుగింటికి పెద్దమ్మ కనిపించింది. గోడకి దిండు పెట్టి కూచోబెట్టారు. బుగ్గలు లోపలికి పోయాయి, కళ్ళే కనిపిస్తున్నాయి. అమ్మ పక్కన కుర్చీలో నేను, నా ఒళ్ళో లాప్‌టాప్. నలభై కాగితాలు ఆఫీసుకి పోతున్నాయి. వెనక గదిలో మా ఆయన త్రిభుజాల గురించి గొంతు చించుకుంటున్నాడు.

అమ్మ ఏవేవో అడిగింది. తిన్నావా, డాక్టరేమన్నాడు, స్టీరింగ్ ఇంట్లో ఉన్నాడా. పెద్దమ్మ నెమ్మదిగా జవాబు చెప్పింది, రెండు మాటలకోసారి చెయ్యి ఒళ్ళో వేసుకుని అలుపు తీర్చుకుంటూ. చివరికి అమ్మ తన గుండె మీద వేలు పెట్టుకుని అడిగింది. "నేను రానా? నీ దగ్గరుంటా."

పెద్దమ్మ అరచెయ్యి పైకి లేచింది. అక్కడే ఆగింది.

అమ్మ ఆ చేతికేసి తప్ప ఇంకెటూ చూడకుండా కూచుంది. నేనూ చూశాను. వేళ్ళు విడిగా, చాచి ఉన్నాయి. పెద్దమ్మ కళ్ళు సగం మూసుకుని ఉన్నాయి, రెప్ప కొట్టడం మధ్యలో దొరికిపోయినట్టు. ఆ మొహానికి కాస్త పైన గుండ్రం తిరుగుతోంది. చాలాసేపు తిరిగింది. తర్వాత తెర నల్లగా అయిపోయింది.

అమ్మ నావైపు తిరిగింది. "వద్దంది."

లాప్‌టాప్ మీద ఒక్క మీట నొక్కితే కాగితాలు ఆగిపోయేవి. వెనక గదిలోకి వెళ్ళి "అయిదు నిమిషాలు ఆపండి" అంటే మా ఆయన మారుమాట లేకుండా ఆపేవాడు. మళ్ళీ ఫోను కలిపితే రెండు క్షణాల పని.

"పోనీలే అమ్మా" అన్నాను. "తర్వాత పోదాంలే."

నిజం చెప్పొద్దూ, హమ్మయ్య అనుకున్నాను. అమ్మ లోపలికి వెళ్ళి సంచీలోంచి చీరలు ఒక్కొక్కటే తీసి బీరువాలో పెట్టుకుంది. గళ్ళ దుప్పటి మాత్రం మంచం మీదే వదిలేసింది.

మర్నాడు మూడున్నరకి అమ్మ మొహం కడుక్కోలేదు. వంటింట్లో పీట వేసుకుని, కడిగిన గిన్నెలే మళ్ళీ తోముతూ కూచుంది. నాలుగింటికి ఫోను మోగుతుంటే నేను చూపించాను. "చేతులకి మట్టి" అంది. ఎక్కడా మట్టి లేదు. ఆ మర్నాడు మోగనే లేదు, ఎందుకంటే నీళ్ళ గొట్టాల కోసం రోడ్డు తవ్వి మా లైనుని రెండు ముక్కలు చేశారు. ఇక పాతదీ లేదు, కొత్తదీ రాలేదు. నేను కాగితాలు పట్టుకుని నర్సమ్మ గదిలో కూచుని పని చేసుకున్నాను, మా ఆయన బడిలోనే ఉండిపోయి ట్యూషన్లు చెప్పాడు. అమ్మకే ఎక్కడికీ పోనక్కర్లేకపోయింది.

"అది చిన్నప్పటినుంచీ అంతే" అంది ఒక మధ్యాహ్నం, నేను అడక్కుండానే. "జ్వరమొస్తే తలుపేసుకునేది. నన్ను దగ్గరికి రానిచ్చేది కాదు. నేను గుమ్మంలో పడుకునేదాన్ని." నా భుజం తట్టి, "ఇప్పుడు కూడానా? నేను పరాయిదాన్నా?" అంది.

నోటిదాకా వచ్చింది; నోటిదాకా ఏమిటి, చేతిదాకా వచ్చింది. కానీ ఏమని చెప్పను? అది వద్దన్నదో రమ్మన్నదో నాకూ తెలియదు, లైను ఆగిపోయిందని మాత్రం తెలుసు. అన్నయ్యకి ఒక్క ఫోను కొట్టి "పెద్దమ్మ ఏమంది?" అని అడిగితే తేలిపోయేది. వాళ్ళమ్మ భాష వాడికి నాకన్నా తక్కువ వచ్చు, అయినా ఆ చెయ్యి ఆ తర్వాత కదిలిందో లేదో చెప్పగలడు. అడగలేదు. కదిలిందంటాడేమోనని భయం. అంటే అన్నీ వదిలి బస్సెక్కాలి. అంతే, ఇంకేం లేదు. దీన్ని ఎంత తిప్పి చెప్పినా ఇంతకన్నా బాగా కనపడదు.

నెల తిరగకుండానే దర్జీ కంపెనీ తీగ వచ్చింది. నిచ్చెన పొద్దున్నే వచ్చి గోడకి చిల్లి పొడిచి, పెట్టె బిగించి, తన ఫోనులో స్పీడు కొలిచి నా మొహం ముందు పెట్టాడు.

"వచ్చేది వంద, పోయేది వంద. చూసుకోండక్కా. మీకిష్టంలేని 'వరకు' లేదు ఇందులో."

మా వీధిలో అంత మంచి లైను ఇంకెవరింట్లోనూ లేదు. నా ఎంపికకి నేనే మురిసిపోయి అతనికి టీ పెట్టిచ్చాను. అతను కప్పు కింద పెట్టకముందే వంటింటి కిటికీలో నా ఫోను మోగింది. అన్నయ్య.

"చెల్లెమ్మా, నాలుగైదుసార్లు చేశా, కలవట్లేదు నీకు. అమ్మని ఆస్పత్రిలో చేర్చాం. ఇవాళ్టికి నాలుగో రోజు."

"అయ్యో! ఎలా ఉంది?"

"బాగోలేదమ్మా. ఏదో అంటోంది రోజూ. పిన్ని పేరు చెప్పి ఏదో అంటోంది, తర్వాత ఏడుస్తోంది. నాకు అర్థం కాక చస్తున్నా. మీ లైను బాగుంటే పిన్నిని ఒక్కసారి చూపించు."

అమ్మని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఫోను పంచదార డబ్బాకి ఆనించాను. నిచ్చెన ఇంకా గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, లైను ఎలా ఉందో చూద్దామని.

ఎంత స్పష్టంగా ఉందంటే, దిండు గలీబు కుట్టు ఊడిన దారం కనిపించింది. పెద్దమ్మ చేతికి అంటించిన ప్లాస్టరు అంచు కనిపించింది. అమ్మ ముందుకి వంగి తెర మీద అక్క బుగ్గని వేలితో ముట్టుకుంది. పెద్దమ్మ నవ్వబోయి, నవ్వలేక, చెయ్యి కదిపింది.

"రాలేదేం?"

"నువ్వు వద్దన్నావుగా" అంది అమ్మ.

పెద్దమ్మ కనుబొమ్మలు ముడిపడ్డాయి. "నేనా?"

"అరచెయ్యి పెట్టావు. నేను చూశా."

పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ప్లాస్టరున్న చెయ్యి ఎత్తింది. అరచెయ్యి చూపించి, వేళ్ళు ముడిచి, గుండె దగ్గరికి లాక్కుంది. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ లాక్కుంది. మూడోసారి చెయ్యి సగందాకా లేచి కిందపడిపోతే ఎడమచేత్తో మొదలుపెట్టింది. "రమ్మన్నా. ఆ రోజూ రమ్మన్నా. రోజూ రమ్మంటున్నా."

అంతసేపూ ఒక్క గీత చెదరలేదు. "లైను అద్దంలా ఉందక్కా" అన్నాడు గుమ్మంలోంచి నిచ్చెన. అతనికేం తెలుసు పాపం.

అమ్మ నావైపు చూడలేదు. చూడనందుకు, సిగ్గు లేకుండా, బతికిపోయాననుకున్నాను. "వస్తున్నా. ఇదిగో, బయల్దేరా" అని చేతులు రెండూ ఊపేస్తూ లేచి, బీరువాలోని చీరలన్నీ కింద పోసింది.

ఆ రోజు బస్సు అప్పటికే దాటిపోయింది, తెల్లవారి మొదటి బస్సుకే వెళ్ళాం. అమ్మ కిటికీ పక్కన కూచుంది. వాన తెరిపిచ్చింది, రోడ్డుకి రెండువైపులా నీళ్ళు నిలిచిన పొలాలు. అమ్మ బయటికి చూడటం లేదు. ఒళ్ళో ఉన్న చేతులు నెమ్మదిగా కదులుతున్నాయి. మనలాంటివాళ్ళు పెదాలు కదుపుతూ తమలో తాము మాట్లాడుకుంటారే, అలా. అక్కకి ఏం చెప్పాలో అంతా సరిచూసుకుంటోంది. నాకు ఒకటీ అరా తెలిశాయి: దుప్పటి, పిల్లి, నా ముక్కు. ఒకచోట తనలో తనే నవ్వుకుంది.

మూడో గంటలో అన్నయ్య ఫోను వచ్చింది. "అయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. అంతే అన్నాడు.

ఫోను సంచీలో వేసుకున్నాను. ఎవరు, అని అడిగింది అమ్మ. ఆఫీసు, అన్నాను. అమ్మ మళ్ళీ తన మాటల్లో పడిపోయింది. ఇంకా నాలుగు గంటల దారి. ఆ నాలుగు గంటలూ అమ్మ పక్కనే కూచున్నాను, ఆ చేతులకేసి చూస్తూ. చెప్పడానికి నా చేతులు లేవలేదు. ఆపమనడానికీ లేవలేదు. అమ్మ తన అక్కతో అంతసేపు మాట్లాడడం అదే ఆఖరుసారని నాకు తెలుసు, ఆ బస్సులో నా ఒక్కదానికే తెలుసు.

అక్కడ జరిగింది రాయను. అమ్మ ఏడిస్తే వచ్చే చప్పుడు అమ్మకి వినపడదు కాబట్టి దాన్ని తగ్గించుకోవడం తెలియదు. ఆస్పత్రి వరండాలో ఉన్నవాళ్ళంతా లేచి నిలబడ్డారు, అది మాత్రం చెబుతాను.

మూడు వారాలుండి ఇంటికొచ్చేసరికి వానలు వెనకపట్టాయి. మా ఆయన మా కోసం అన్నం వండి, గిన్నెల మీద మూతలు పెట్టి బడికి వెళ్ళాడు. పెట్టెలో పచ్చలైటు వెలుగుతోంది. లైను బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఆయన ట్యూషన్లు, నా కాగితాలు అన్నీ దూసుకుపోతున్నాయి. ఇంట్లో అంత వేగం ఎవరికి కావాలో ఆ మనిషి కిటికీ దగ్గర చేతులు కట్టుకుని కూచుంది.

ఇక నా వల్ల కాలేదు. నాలుగు రోజులు ఆగి, అయిదో రోజు మధ్యాహ్నం అమ్మ ఎదురుగా పీట వేసుకుని కూచున్నాను. నాకు వచ్చిన మాటలు చాలవని తెలుసు. ఉన్నవాటితోనే చెప్పాను. ఆ రోజు. పెద్దమ్మ చెయ్యి. గాల్లో వేలితో గుండ్రంగా తిప్పాను. తిరిగింది. నేను చూశాను. నీకు చెప్పలేదు. నాకు రావాలని లేదు. నాకు పనుంది. నేను చెప్పలేదు.

అమ్మ మొత్తం చూసింది. మధ్యలో ఆపలేదు. నా చేతులు ఒళ్ళో పడ్డాక ఎడమ పిడికిలి బిగించి, దాని మీద కుడిచేతి రెండు వేళ్ళు నడిపించి, అరచెయ్యి తెరిచి నోటి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊదింది.

ఆ మాట నేనెప్పుడూ చూడలేదు.

"అంటే?" అన్నాను.

మళ్ళీ చేసింది, ఈసారి నెమ్మదిగా, పిల్లలకి చెప్పినట్టు. పిడికిలి, వేళ్ళు, ఊదడం. ఆ మొహంలో కోపముందా, ఓర్పుందా, పోనీలే అంటోందా, నీ మొహం చూడనంటోందా అని వెతికాను. ఆ మొహం అడుగుతోంది, అంతే. నాకు అందిందా లేదా అని అడుగుతోంది.

"అమ్మా, నాకు తెలీలేదు. అంటే ఏంటి? వేరేలా చెప్పు."

వేరేలా చెప్పడానికి అమ్మ చేతులు లేచాయి. అటూ ఇటూ కదిలి, మాట దొరక్క ఆగాయి. ఆ మాట తెలిసిన ఇంకొక్క మనిషి ఎవరో మా ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

అమ్మ కళ్ళు తుడుచుకుంది. నాకు వచ్చిన మాటల్లోంచి ఒకటి వెతికి తీసింది.

"అన్నం తిన్నావా?" అంది.